వాడిపోయిన ఉత్ప్రేరకం: అయానిక ద్రవాల పునరుద్ధరణ

రిఫైనరీల్లో ఆల్కిలేషన్ చర్యకు వాడే అయానిక ద్రవ ఉత్ప్రేరకం కొంతకాలం పనిచేశాక చేవ తగ్గిపోతుంది. తాజాగా ఉన్నప్పుడు లేత పసుపు రంగులో తేటగా ఉండే ద్రవం ముదురు గోధుమ రంగుకు తిరిగి, చివరికి నల్లగా తయారవుతుంది. ఉత్ప్రేరకం చర్యకు ముందు ఎలా ఉందో తరవాతా అలాగే మిగులుతుందని బడి పుస్తకాలు చెబుతాయి. కాగితం మీద రాసిన సమీకరణం వరకు ఆ మాట నిజమే. రియాక్టరులో మాత్రం అసలు చర్యతోపాటు చిన్నచిన్న పక్కచర్యలు కూడా నడుస్తుంటాయి. వాటిలో పుట్టిన పదార్థాలు ఉత్ప్రేరకాన్ని పట్టుకుని వదలవు. వాటిని వదిలించి ద్రవాన్ని మళ్ళీ పనిలోకి దించడమే పునరుద్ధరణ. అయానిక ద్రవాలు ప్రయోగశాల దాటి పెట్రోలు పరిశ్రమలోకి రావడానికి ఇన్నేళ్లు పట్టిందంటే దానికి పెద్ద కారణం ఈ ఒక్క సమస్యే.

వంద డిగ్రీల సెల్సియస్‌లోపే కరిగే లవణాలను అయానిక ద్రవాలంటారు. వంటింటి ఉప్పు కరగాలంటే 801 డిగ్రీల వేడి కావాలి. సోడియం, క్లోరైడ్ అయాన్లు చిన్నవి, గుండ్రనివి కాబట్టి స్ఫటికంలో ఒకదాని పక్కన ఒకటి గట్టిగా కుదురుకుంటాయి. వాటి బదులు పెద్దగా, సౌష్ఠవం లేకుండా ఉండే అయాన్లు చేరితే ఆ పొందిక కుదరదు, లవణం సులువుగా కరిగి ద్రవంగానే ఉండిపోతుంది. 12 డిగ్రీలకే కరిగే ఇథైల్ అమ్మోనియం నైట్రేట్ గురించి రసాయన శాస్త్రవేత్త పాల్ వాల్డెన్ 1914లోనే ప్రకటించాడు. లోహాల మీద అల్యూమినియం పూత వేయడానికి అమెరికాలోని టెక్సస్‌లో ఫ్రాంక్ హర్లీ, థామస్ వియర్ 1940ల చివర్లో అల్యూమినియం క్లోరైడ్ కలిసిన ద్రవ లవణాలను తయారుచేశారు. బ్యాటరీల కోసం అమెరికా వైమానిక దళ అకాడమీలో జాన్ విల్క్స్ బృందం 1982లో ఇమిడజోలియం రకం లవణాలను వెలుగులోకి తెచ్చింది. ఇలాంటి లవణంతో ఆల్కిలేషన్ చేయవచ్చని ఫ్రాన్సులో ఈవ్ షోవాన్ బృందం 1994లో చూపించింది. ఈ షోవానే మరో పరిశోధనకు 2005లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు.

ఆల్కిలేషన్ అంటే రెండు చిన్న వాయు అణువులను కలిపి ఒక పెట్రోలు అణువును తయారుచేయడం. ముడిచమురు శుద్ధిలో ఐసోబ్యూటేన్, బ్యూటీన్లు దండిగా వస్తాయి. నాలుగేసి కార్బన్లున్న ఈ రెండూ కలిస్తే ఎనిమిది కార్బన్ల శాఖాయుత అణువు ఏర్పడుతుంది. ఆక్టేన్ సంఖ్యకు కొలమానంగా తీసుకునే ఐసోఆక్టేన్ ఈ కుటుంబానిదే. ఇలా వచ్చిన ఆల్కిలేట్‌లో బెంజీన్ ఉండదు, ద్విబంధాలుండవు, గంధకం నామమాత్రం. ఇంజనులో తట్టు (నాకింగ్) రానివ్వదు. ఇంధన ప్రమాణాలు కఠినమయ్యేకొద్దీ రిఫైనరీలకు దీని అవసరం పెరుగుతోంది. భారతదేశంలో 2020 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న బీఎస్-6 ప్రమాణం ప్రకారం పెట్రోలులో గంధకం పది లక్షల వంతుల్లో 10 వంతులు దాటకూడదు, బెంజీన్ ఒక శాతం మించకూడదు. అలాంటి పెట్రోలులో కలపడానికి ఆల్కిలేట్ కన్నా మేలైన సరుకు దొరకడం కష్టం.

ఈ చర్యకు చాలా బలమైన ఆమ్లం కావాలి. రెండో ప్రపంచ యుద్ధ కాలం నుంచి రెండు ఆమ్లాలే ఈ పని చేస్తూ వచ్చాయి: సల్ఫ్యూరిక్ ఆమ్లం, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం. ఈ రెండింటి గుణదోషాలను పునరుద్ధరణ కోణంలోంచి చూస్తే అయానిక ద్రవాల కథ తేలిగ్గా అర్థమవుతుంది.

సల్ఫ్యూరిక్ ఆమ్లం విపరీతంగా ఖర్చవుతుంది. టన్ను ఆల్కిలేట్‌కు 70 నుంచి 100 కిలోల దాకా ఆమ్లం పాడవుతుంది. నల్లబడిన ఆ ఆమ్లాన్ని వెయ్యి డిగ్రీలకు అటూఇటూ వేడిలో కాల్చి సల్ఫర్ డయాక్సైడ్‌గా విడగొట్టి, దాన్నుంచి మళ్ళీ మొదటికొచ్చి ఆమ్లం తయారుచేయాలి. అంటే ఉత్ప్రేరకాన్ని బాగుచేయడానికి పక్కన మరో కర్మాగారమే కావాలి. అది లేని రిఫైనరీ వాడిన ఆమ్లాన్ని ట్యాంకర్లలోనో రైలు వ్యాగన్లలోనో దూరం పంపించి తెప్పించుకుంటుంది.

హైడ్రోఫ్లోరిక్ ఆమ్లానికి ఆ బాధ లేదు. అది 19.5 డిగ్రీలకే మరిగిపోతుంది. కొంచెం వేడి తగిలిస్తే చాలు, ఆమ్లం ఆవిరై పైకి పోతుంది, మలినమైన నూనె అడుగున మిగులుతుంది. అందుకే టన్ను ఆల్కిలేట్‌కు కిలో ఆమ్లం కూడా ఖర్చు కాదు. అయితే శుద్ధిని ఇంత సులువు చేసిన ఆ గుణమే గొట్టం పగిలిన రోజున ప్రాణాంతకమవుతుంది. బయటపడిన ఆమ్లం నేలబారు మేఘంలా ఊళ్ల మీదికి పాకుతుంది. 1987 అక్టోబరులో టెక్సస్ సిటీలోని ఒక రిఫైనరీలో క్రేన్ నుంచి జారిన బరువు ఆమ్లపు ట్యాంకు గొట్టాల మీద పడినప్పుడు వేలమంది ఇళ్లు వదలాల్సి వచ్చింది. 2019 జూన్ 21న ఫిలడెల్ఫియా రిఫైనరీ ఆల్కిలేషన్ విభాగంలో, నికెల్, రాగి ఎక్కువగా ఉన్న ఉక్కుతో చేసిన ఒక గొట్టం వంపు మిగతా గొట్టాలకన్నా త్వరగా తుప్పుకు అరిగి పగిలింది. మంటలు, పేలుళ్ల మధ్య రెండు టన్నులకు పైగా హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం బయటికొచ్చింది. దాదాపు 17 టన్నుల బరువున్న పాత్ర ముక్క ఒకటి స్కూల్‌కిల్ నది దాటి అవతల పడింది. ఆ రాత్రి ఊరు తప్పించుకుంది. రిఫైనరీ మాత్రం మళ్ళీ తెరుచుకోలేదు.

అయానిక ద్రవం దాదాపు ఆవిరే కాదు. అయాన్ల మధ్య ఉన్న విద్యుదాకర్షణ వాటిని ద్రవంలోనే కట్టిపడేస్తుంది. గొట్టం పగిలితే నేల మీద కారుతుందే తప్ప మేఘమై జనం మీదికి రాదు. భద్రత దృష్టిలో ఇంతకన్నా కోరుకోదగ్గది లేదు. అయితే ఆవిరి కాని ద్రవాన్ని స్వేదనంతో శుద్ధి చేయలేం. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లానికి పనికొచ్చిన సులువైన దారి ఇక్కడ మూసుకుపోయింది. పైగా ఈ లవణం సల్ఫ్యూరిక్ ఆమ్లంలా చవకైనది కాదు. వాడి పారేస్తే ఏ రిఫైనరీకీ గిట్టుబాటు కాదు. కాబట్టి రియాక్టరు ఎంత బాగా పనిచేసినా, వాడిన ద్రవాన్ని అక్కడికక్కడే బాగుచేసే మార్గం దొరికేదాకా అయానిక ద్రవ ఆల్కిలేషన్ పరిశోధన పత్రాలకే పరిమితమైంది.

ఆ ద్రవం ఎలా పాడవుతుందో తెలియాలంటే ముందు అది ఎలా పనిచేస్తుందో చూడాలి. అమెరికా చమురు సంస్థ షెవ్రాన్ పేటెంట్లలో తరచు కనిపించే ఉత్ప్రేరకం ఒక పాలు బ్యూటైల్ పిరిడీనియం క్లోరైడ్‌కు రెండు పాళ్ల అల్యూమినియం క్లోరైడ్ కలిపి చేసినది. ఈ పాళ్లు అణువుల లెక్కలోవి. బరువులో చూస్తే మొత్తం ద్రవంలో 60 శాతానికి పైగా అల్యూమినియం క్లోరైడే. ఒకటికొకటి కలిపితే టెట్రాక్లోరోఅల్యూమినేట్ అనే, ఆమ్లగుణం పరంగా తటస్థమైన అయాన్ ఏర్పడి ద్రవం మందకొడిగా ఉంటుంది. రెండో పాలు అల్యూమినియం క్లోరైడ్ చేరినప్పుడు ఏర్పడే హెప్టాక్లోరోడైఅల్యూమినేట్ అయానే బలమైన లూయిస్ ఆమ్లం, అంటే ఎలక్ట్రాన్ జంటలను ఆబగా అందుకునే పదార్థం. దీనికి కొద్దిగా హైడ్రోజన్ క్లోరైడ్ తోడైతే ప్రోటాన్‌ను దానం చేసే మహాబలమైన ఆమ్లం తయారవుతుంది.

ప్రోటాన్ అందుకున్న బ్యూటీన్ ధనావేశం గల కార్బోకాటయాన్ అవుతుంది. అది మరో బ్యూటీన్‌తో కలిసి ఎనిమిది కార్బన్ల కాటయాన్‌గా మారుతుంది. సరిగ్గా ఆ క్షణంలో పక్కనున్న ఐసోబ్యూటేన్ ఒక హైడ్రైడ్‌ను, అంటే రెండు ఎలక్ట్రాన్లతో సహా ఒక హైడ్రోజన్‌ను ఇచ్చేస్తే చక్కటి ఆల్కిలేట్ అణువు బయటపడుతుంది. హైడ్రైడ్ ఇచ్చిన ఐసోబ్యూటేన్ కొత్త కాటయాన్‌గా మారి గొలుసును కొనసాగిస్తుంది. ఐసోబ్యూటేన్ సమయానికి అందకపోతే మాత్రం దారి తప్పుతుంది. ఆకలితో ఉన్న కాటయాన్ మరో బ్యూటీన్‌ను కలుపుకుని పన్నెండు కార్బన్లకు, పదహారు కార్బన్లకు పెరుగుతుంది, విరుగుతుంది, మడత పడి వలయమవుతుంది, ఇరుగుపొరుగు కాటయాన్లకు తన హైడ్రోజన్లను పోగొట్టుకుంటుంది. చివరికి ఐదు కార్బన్ల వలయాలు, ఒకటికి మించిన ద్విబంధాలు ఉన్న బరువైన అణువుల కలగూరగంప మిగులుతుంది. 1930లలో రసాయన శాస్త్రవేత్తలు ఇపాతియెవ్, పైన్స్ వర్ణించిన ఈ పదార్థాలను కాంజంక్ట్ పాలిమర్లంటారు. సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని నల్లబరిచేవీ, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో ఎర్ర నూనెగా తేలేవీ ఈ జాతివే.

బజ్జీల మూకుడులో పదేపదే కాగిన నూనె కూడా ఇలాగే అణువులు ఒకదానికొకటి అతుక్కుని నల్లబడుతుంది. ఆ నూనెను పారబోయడం తప్ప చేసేదేమీ లేదు. ఇక్కడ మాత్రం తిప్పలు వేరు. కాంజంక్ట్ పాలిమర్ల ద్విబంధాల్లో ఎలక్ట్రాన్లు పుష్కలం. ఉత్ప్రేరకంలోని అల్యూమినియం క్లోరైడ్ వెతుక్కునేది వాటినే. రెండూ గట్టిగా కట్టుకుంటాయి. అలా చిక్కుకున్న ప్రతి అల్యూమినియం కేంద్రం ఆల్కిలేషన్‌కు దక్కకుండా పోతుంది. మామూలు నూనె అయితే హెక్సేన్ వంటి ద్రావణితో కడిగేస్తే పోయేది. ఈ పాలిమర్లు రసాయన బంధంతో పట్టుకున్నాయి కాబట్టి ఎంత కడిగినా కొద్దిపాటివే ఊడివస్తాయి. అయితే వీటిని పూర్తిగా లేకుండా చేయాల్సిన పని లేదు. కొద్ది శాతం ఉన్నా రియాక్టరు సజావుగానే నడుస్తుంది. హద్దు దాటితే మాత్రం ఆల్కిలేట్ నాణ్యత పడిపోతుంది, ఆ నాణ్యత లేని మిశ్రమంలో పాలిమర్లు మరింత వేగంగా పుడతాయి.

ద్రవానికి ఇంకో శత్రువు నీరు. అల్యూమినియం క్లోరైడ్ తేమ తగిలితే చాలు హైడ్రోజన్ క్లోరైడ్ పొగలు కక్కుతూ విరిగిపోతుంది. లెక్క ప్రకారం ఒక కిలో నీరు రెండున్నర కిలోల అల్యూమినియం క్లోరైడ్‌ను పూర్తిగా నాశనం చేయగలదు. నీటివల్ల కలిగిన నష్టాన్ని ఏ పునరుద్ధరణా తిరిగి తేలేదు, కొత్త అల్యూమినియం క్లోరైడ్ పోయాల్సిందే. అందుకే రియాక్టరుకు వచ్చే వాయువులన్నిటినీ ముందే బాగా ఆరబెడతారు.

ఎంత పాలిమర్ పేరుకుందో తేల్చే ప్రయోగశాల పరీక్ష ఈ రసాయనాన్నంతా కళ్లకు కడుతుంది. తేమ చొరబడని గ్లోవ్ బాక్సులో నల్లటి ద్రవాన్ని కొద్ది గ్రాములు తూచి తీసుకుంటారు. దాన్ని చల్లబరుస్తూ నీటి చుక్కలు ఒక్కొక్కటే వేస్తారు. ఒక్కసారిగా పోస్తే ఉడుకెత్తి ఎగజిమ్ముతుంది. నీరు అల్యూమినియం క్లోరైడ్‌ను విరగ్గొట్టగానే దాని పట్టులో ఉన్న పాలిమర్లు విడుదలై నూనెలా తేలతాయి. ఆ నూనెను హెక్సేన్‌లోకి లాగి, హెక్సేన్‌ను ఆవిరి చేసి, అడుగున మిగిలిన ముదురు రంగు జిగురును తూస్తారు. ఆ బరువే ద్రవం ఎంత పాడైందో చెప్పే అంకె. పరీక్ష పూర్తయ్యేసరికి పాలిమర్ విడివడింది, ఉత్ప్రేరకం మాత్రం చచ్చిపోయింది. ఉత్ప్రేరకం బతికుండగానే ఇదే పని ఎలా చేయాలన్నదే పునరుద్ధరణలో అసలు ప్రశ్న.

మొదట ప్రయత్నించిన దారుల్లో ఒకటి అల్యూమినియం కేంద్రానికి పాలిమర్ కన్నా ఇష్టమైన తోడును చూపించడం. వాడిన ద్రవంలో మరింత బ్యూటైల్ పిరిడీనియం క్లోరైడ్ కలిపితే, దాని క్లోరైడ్ అయాన్లు అల్యూమినియం క్లోరైడ్‌తో కలిసి తటస్థమైన టెట్రాక్లోరోఅల్యూమినేట్‌గా మారతాయి. పట్టు సడలిన పాలిమర్‌ను హెక్సేన్‌తో కడిగేయవచ్చు. తరవాత తటస్థ ద్రవంలో అల్యూమినియం క్లోరైడ్ పోస్తే మళ్ళీ ఆమ్లం సిద్ధం. రసాయనం ముచ్చటగా ఉంది కానీ ప్రతిసారీ ద్రవం దాదాపు రెట్టింపవుతుంది. మిగులు ద్రవాన్ని ఎక్కడ పెట్టుకోవాలన్నది తేలలేదు.

రెండో దారి అల్యూమినియం లోహాన్నే వేయడం. ద్రవంలోని హైడ్రోజన్ క్లోరైడ్‌తో అల్యూమినియం కలిసి అల్యూమినియం క్లోరైడ్‌ను, అప్పుడే పుట్టిన చురుకైన హైడ్రోజన్‌ను ఇస్తుంది. ఆ హైడ్రోజన్ పాలిమర్ ద్విబంధాలను నింపేస్తుంది. ద్విబంధం పోయిన పాలిమర్‌కు అల్యూమినియం కేంద్రంతో పని ఉండదు, విడిపోతుంది. ప్రయోగశాలలో ఇది బాగా పనిచేసింది. కర్మాగారం కొలతల్లో చూస్తే చిక్కు బయటపడుతుంది. ఒక్క కిలో హైడ్రోజన్ పుట్టాలంటే 9 కిలోల అల్యూమినియం, సుమారు 36 కిలోల హైడ్రోజన్ క్లోరైడ్ ఖర్చవుతాయి, 44 కిలోల అల్యూమినియం క్లోరైడ్ అదనంగా చేరుతుంది. ద్రవం భరించలేని ఆ మిగులు గడ్డకట్టి అడుగున చేరుతుంది.

రిఫైనరీలో హైడ్రోజన్ ఎలాగూ గొట్టాల్లో సిద్ధంగా ఉంటుంది. లోహం ద్వారా పుట్టించే బదులు ఆ వాయువునే నేరుగా వాడితే సరిపోతుంది. పరిశోధన చివరికి ఇక్కడికే చేరుకుంది. రియాక్టరులో తిరుగుతున్న ద్రవం నుంచి ఒక చిన్న పాయను ఎడతెగకుండా పక్కకు మళ్ళిస్తారు. పీడనం కింద, వంద డిగ్రీలు దాటిన వేడిలో దానికి హైడ్రోజన్‌ను తగిలిస్తారు. మొదట్లో పల్లాడియం, ప్లాటినం, నికెల్ వంటి లోహాలను ఆధార పదార్థం మీద పరిచి ఈ చర్యను నడిపించారు. మహాబలమైన ఆమ్లం మధ్య అలాంటి లోహ ఉత్ప్రేరకం ఎన్నాళ్లు నిలుస్తుందన్నది పెద్ద సందేహం. తగినంత వేడి, పీడనం ఉంటే లోహం సాయం లేకుండానే హైడ్రోజన్ ఈ పని చేయగలదని తరవాతి పేటెంట్లు చెప్పాయి. అయానిక ద్రవం తనను తాను బాగుచేసుకోవడంలో తానే ఉత్ప్రేరకమవుతుందన్నమాట. ఈ రంగంలో వచ్చిన ఆలోచనలన్నిటిలో మెచ్చుకోదగ్గది ఇదే.

ఈ దారిలో అదనపు లాభాలు కూడా ఉన్నాయి. హైడ్రోజన్ తగిలిన పాలిమర్ ద్విబంధాలు నిండడంతో ఆగదు, కొంతమేర ముక్కలవుతుంది కూడా. ఆ ముక్కల్లో తేలికవి వంటగ్యాసు జాతి వాయువులు, కాస్త బరువైనవి పెట్రోలు శ్రేణి నాఫ్తా. పారబోయాల్సిన జిడ్డు అమ్ముడుపోయే సరుకవుతుంది. పాలిమర్లలో చిక్కుకున్న క్లోరిన్ కూడా హైడ్రోజన్ క్లోరైడ్‌గా విడుదలవుతుంది. అది ఆల్కిలేషన్‌కు కావలసిన సహ ఉత్ప్రేరకమే కాబట్టి తిరిగి రియాక్టరుకు పంపిస్తారు. ఇంకా మిగిలిన బరువైన అణువులను తేలికైన హైడ్రోకార్బన్‌తో కడిగి తీసేస్తారు. తేలికపడిన ద్రవం మళ్ళీ చర్యలో చేరుతుంది.

పునరుద్ధరణ పాత్రకు మామూలు ఉక్కు చాలదు. హైడ్రోజన్ క్లోరైడ్ పొడిగా ఉన్నంతసేపు ఉక్కు జోలికి పోదు, వేడికి కొద్దిపాటి తేమ తోడైతే తినేస్తుంది. ఖరీదైన నికెల్ మిశ్రలోహాలు తప్పవు. అయితే పక్కకు మళ్ళించేది చిన్న పాయే కాబట్టి ఆ పాత్ర చిన్నది, ఖర్చు భరించదగ్గది.

చేవను తిరిగి తేవడం ఎంత ముఖ్యమో, ద్రవాన్ని పోగొట్టుకోకుండా చూడడం కూడా అంతే ముఖ్యం. రియాక్టరులో ద్రవాన్ని సన్నని బిందువులుగా చిమ్మి హైడ్రోకార్బన్లతో కలగలుపుతారు. ఆ కలయిక ఎంత సన్నగా ఉంటే చర్య అంత బాగా జరుగుతుంది. చర్య ముగిశాక విడదీయడానికి అదే అడ్డం. ద్రవం సాంద్రత హైడ్రోకార్బన్లకు రెట్టింపు పైమాటే కాబట్టి చాలా భాగం దానంతటదే అడుగుకు దిగుతుంది. మైక్రాన్ల పరిమాణంలోని బిందువులు మాత్రం తేలుతూ ఆల్కిలేట్ వెంట వెళ్లిపోతాయి. బిందువులను చేరదీసి పెద్దవి చేసే కోయలెసర్లు వాటిని పట్టి వెనక్కి తెస్తాయి. ఈ పరికరం సరిగా పనిచేయకపోతే పునరుద్ధరణ ఎంత బాగున్నా ద్రవం కారిపోతూనే ఉంటుంది.

అన్ని అయానిక ద్రవాలకూ ఇంత కష్టం లేదు. జర్మనీలోని బీఏఎస్ఎఫ్ సంస్థ 2002 నుంచి నడిపిన బాసిల్ ప్రక్రియ దీనికి మంచి ఉదాహరణ. ఫాస్ఫరస్ సమ్మేళనాల తయారీలో విడుదలయ్యే హైడ్రోజన్ క్లోరైడ్‌ను పట్టడానికి అక్కడ మిథైల్ ఇమిడజోల్ వాడారు. ఆమ్లాన్ని పట్టుకోగానే అది 75 డిగ్రీలకు కరిగే అయానిక లవణంగా మారి, సరుకు కిందకు విడి పొరగా చేరుతుంది. ఆ పొరను తీసి కాస్టిక్ సోడా కలిపితే మిథైల్ ఇమిడజోల్ తిరిగి చేతికొస్తుంది. అంతకుముందు వాడిన పదార్థం గట్టి ముద్దలా పేరుకుని కలియబెట్టడానికి కూడా వీలయ్యేది కాదు. కొత్త ప్రక్రియలో దిగుబడి 50 శాతం నుంచి 98 శాతానికి పెరిగింది. పెద్ద పాత్ర చేసే పనిని బొటనవేలంత జెట్ రియాక్టరు చేసింది. ప్రోటాన్‌ను తీసేస్తే చాలు ఈ లవణం తటస్థ అణువుగా మారి, ఆవిరై, స్వేదనానికి లొంగుతుంది. ఆల్కిలేషన్‌కు వాడే క్లోరోఅల్యూమినేట్లకు ఆ వీలు లేదు. సిలికా మీద పరిచిన అయానిక ద్రవాలు, అయస్కాంతంతో లాగేయగల రకాలు కూడా ప్రయోగశాలల్లో ఉన్నాయి. ఇవి ఉత్ప్రేరకాన్ని సరుకు నుంచి విడదీయడాన్ని తేలిక చేస్తాయి, పేరుకున్న పాలిమర్‌ను మాత్రం తీయలేవు.

ఆల్కిలేషన్‌లో మొదటి పెద్ద అడుగు చైనాలో పడింది. బీజింగ్‌లోని చైనా పెట్రోలియం విశ్వవిద్యాలయం రూపొందించిన, రాగి క్లోరైడ్ కలిపిన అయానిక ద్రవంతో షాన్‌డాంగ్ రాష్ట్రంలో ఏటా లక్ష టన్నుల సామర్థ్యంగల విభాగం 2013లో మొదలైంది. అమెరికాలో షెవ్రాన్ తన సాల్ట్ లేక్ సిటీ రిఫైనరీలో చిన్న ప్రదర్శన విభాగాన్ని ఐదేళ్లు నడిపి చూసింది. ద్రవాన్ని అన్నాళ్లు తిప్పుతూ, బాగుచేస్తూ, మళ్ళీ వాడితేనే దాని అసలు ఆయుష్షు తెలుస్తుంది. ఆ అనుభవంతో 2016లో హనీవెల్ యూఓపీ సంస్థతో కలిసి ఐసోఆల్కీ పేరుతో ప్రక్రియను లైసెన్సుకు పెట్టింది. 2021లో అదే రిఫైనరీలోని హైడ్రోఫ్లోరిక్ ఆమ్ల విభాగం స్థానంలో అయానిక ద్రవ విభాగం పనిచేయడం మొదలుపెట్టింది. షోవాన్ ప్రయోగానికీ ఈ విభాగం మొదలవడానికీ మధ్య 27 ఏళ్లు గడిచాయి.

వ్యర్థం పూర్తిగా లేకుండా పోలేదు. గొట్టాల నుంచి అరిగి చేరిన ఇనుము, తేమవల్ల విరిగిన అల్యూమినియం సమ్మేళనాలు, సన్నటి ఘనపదార్థాలు ద్రవంలో మెల్లగా పోగవుతాయి. హైడ్రోజన్ వీటిని తీయలేదు. కాబట్టి అప్పుడప్పుడు కొంత ద్రవాన్ని బయటికి తీసి, నీటితో విరగ్గొట్టి, క్షారంతో తటస్థం చేసి, మిగిలిన అల్యూమినియం హైడ్రాక్సైడ్ బురదను వదిలించుకోవాలి. తీసినంత మేర కొత్త ద్రవం పోయాలి. టన్ను ఆల్కిలేట్‌కు ఈ కొత్త ద్రవం ఎంత అవసరమవుతుందన్న లెక్క మీదే మిగతా రిఫైనరీలు హైడ్రోఫ్లోరిక్ ఆమ్లాన్ని వదులుకోవడం ఆధారపడి ఉంది.